తుపాకీ చావుల మీద పరిశోధన ఎందుకు ఆగింది? అది మనకెందుకు పట్టాలి?

2024 జూన్‌లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటిస్తూ ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. తొమ్మిది నెలలు తిరగకుండానే, 2025 మార్చిలో, ట్రంప్ ప్రభుత్వం ఆ పత్రాన్ని ఆరోగ్య శాఖ వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఏప్రిల్ మొదటి రోజునే ఆ శాఖలో భారీగా ఉద్యోగాల కోత మొదలైంది. వ్యాధుల నియంత్రణ కేంద్రం (సీడీసీ)లో గాయాల నివారణ కోసం పనిచేసే విభాగానికి పెద్ద దెబ్బ తగిలింది. ఎవరు ఏ కారణంతో చనిపోతున్నారో లెక్కగట్టి ప్రజలకు అందుబాటులో పెట్టే బృందానికి కూడా తొలగింపు నోటీసులు అందాయి.

చావులు ఆగలేదు. చావుల లెక్క చెప్పేవాళ్లను పంపించేశారు.

అమెరికా తుపాకీ అనగానే మనకు బడిలో కాల్పులు, మాల్‌లో కాల్పులు గుర్తొస్తాయి. వార్తల్లో వచ్చేవి అవే. కానీ 2023లో ఆ దేశంలో తుపాకీతో పోయిన 46,728 ప్రాణాల్లో 27,300 ఆత్మహత్యలు. హత్యలు 17,927. అంటే ప్రతి పది తుపాకీ చావుల్లో దాదాపు ఆరు ఎవరికీ కనిపించకుండా, ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేవి.

ఆత్మహత్యల గణాంకాల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిగా నేను ఈ అమెరికా చర్చను కొన్నేళ్లుగా గమనిస్తున్నాను. "మన పిల్లలు హాస్టళ్లలో చనిపోతుంటే నీకు అమెరికా తుపాకుల గొడవ ఎందుకన్నా?" అని ఒక జూనియర్ అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబే ఈ వ్యాసం.

పరిశోధనను ఆపిన ఒక్క వాక్యం

1992లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంట్లో తుపాకీ ఉన్నచోట, లేనిచోట కంటే ఆత్మహత్య జరిగే అవకాశం ఐదు రెట్లు దాకా ఎక్కువని అందులో తేలింది. మరుసటి ఏడాది ఇంట్లో జరిగే హత్యల మీద కూడా అలాంటి అధ్యయనమే వచ్చింది. ఈ పరిశోధనకు సీడీసీ నిధులిచ్చింది. తుపాకీ ఇంటికి రక్ష అని దశాబ్దాలుగా అమ్ముకుంటున్న వాళ్లకు ఇది మింగుడుపడలేదు.

1996లో జాతీయ రైఫిల్ సంఘం (ఎన్‌ఆర్‌ఏ) ఒత్తిడితో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలో ఒక వాక్యం చేర్చింది. గాయాల నివారణకు సీడీసీకి ఇచ్చే సొమ్మును తుపాకీ నియంత్రణను సమర్థించడానికి వాడకూడదన్నది దాని సారాంశం. ప్రతిపాదించిన సభ్యుడు జే డిక్కీ పేరు మీద దాన్ని డిక్కీ సవరణ అంటారు. చూడటానికి ఇది పరిశోధన మీద నిషేధం కాదు. కానీ అదే ఏడాది సీడీసీ బడ్జెట్‌లో సరిగ్గా 26 లక్షల డాలర్లు కోసి వేరే పనికి మళ్లించారు. తుపాకీ పరిశోధన మీద అంతకుముందు ఏడాది ఖర్చయిన మొత్తం అది. అధికారులకు సంకేతం అర్థమైంది. ఈ అంశం ముట్టుకుంటే ఉద్యోగం, నిధులు రెండూ పోతాయి. ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ఇరవై ఏళ్లలో ఎంతమంది యువ పరిశోధకులు ఈ రంగం వైపు రాకుండా పోయారో ఊహించండి. నిధులు లేని అంశం మీద ఎవరు పీహెచ్‌డీ చేస్తారు? చేసినవాళ్లకు ఉద్యోగం ఎవరిస్తారు? జే డిక్కీయే చివరికి పశ్చాత్తాపపడ్డాడు. అప్పట్లో సీడీసీ గాయాల నివారణ కేంద్రానికి అధిపతిగా ఉండి ఆయనతో తలపడిన మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి 2012లో ఒక వ్యాసం రాశాడు. తుపాకీ చావుల మీద శాస్త్రీయ పరిశోధన జరగాలని అందులో వాదించాడు. అయినా నిధులు రావడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 2019 చివర్లో కాంగ్రెస్ సీడీసీకి, జాతీయ ఆరోగ్య సంస్థలకు కలిపి 2.5 కోట్ల డాలర్లు కేటాయించింది. అలా నిలదొక్కుకుంటున్న పరిశోధన మీదే 2025లో మళ్లీ కోత పడింది.

సాధనం గురించి మాట్లాడితే ఏమొస్తుంది?

ఆత్మహత్య గురించి మన సమాజంలో బలంగా ఉన్న నమ్మకం ఒకటుంది: చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు, ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటాడు. అమెరికాలోనూ ఇదే అంటారు. ప్రజారోగ్య పరిశోధన దీన్ని గట్టిగా దెబ్బతీసింది.

ఆత్మహత్య ఆలోచన ఒక అలలా వస్తుంది. చాలామందిలో అది తీవ్రస్థాయిలో ఉండేది కొద్ది నిమిషాలో, కొన్ని గంటలో. ఆ సమయం గడిస్తే మనిషి నిలబడతాడు. ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. అందుకే ఆ కొద్ది సమయంలో చేతికి ఏది అందుబాటులో ఉందన్నది చావుబతుకుల ప్రశ్న అవుతుంది. తుపాకీ ఆ మనిషికి రెండో అవకాశం మిగల్చదు.

ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది. వారాంతపు సెలవు మీద ఇంటికి వెళ్లే యువ సైనికులు ఆయుధాలు శిబిరంలోనే వదిలి వెళ్లాలని నిబంధన పెట్టింది. వాళ్లలో ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి. వారాంతంలో తగ్గిన చావులు మిగతా రోజులకు మారలేదు.

2020లో కాలిఫోర్నియా నుంచి ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. రెండు కోట్ల అరవై లక్షల మంది వయోజనుల వివరాలను పన్నెండేళ్ల పాటు పరిశీలించారు. చేతి తుపాకీ సొంతానికి ఉన్న మగవాళ్లలో, లేనివాళ్లతో పోలిస్తే, తుపాకీ ఆత్మహత్యలు దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ. ఆడవాళ్లలో ముప్పై ఐదు రెట్లు. ఈ అధ్యయనం సాధ్యపడటానికి కారణం ఒక్కటే. తుపాకీ ఎవరు కొన్నారో కాలిఫోర్నియా రాష్ట్రం రికార్డు ఉంచుతుంది, దాన్ని పరిశోధకులకు ఇచ్చింది. దేశం మొత్తానికి అలాంటి రికార్డు పెట్టకూడదని 1986 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. సీడీసీ ఏటా చేసే ఆరోగ్య సర్వేలో ఇంట్లో తుపాకీ ఉందా అన్న ప్రశ్నను అన్ని రాష్ట్రాల్లో అడిగింది 2001, 2002, 2004లో మాత్రమే. ఏ రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో తుపాకులున్నాయో నేరుగా తెలియనప్పుడు, ఒక చట్టం పనిచేసిందో లేదో పరిశోధకులు దొడ్డిదారిన అంచనా వేయాల్సి వస్తోంది.

ఇంకా అడగని ప్రశ్నలు

అమెరికాలో తుపాకీ ఆత్మహత్యల్లో సంఖ్యాపరంగా ఎక్కువమంది తెల్లజాతి మగవాళ్లు, అందులోనూ వయసు మళ్లినవాళ్లు. నివారణ కార్యక్రమాలు చాలావరకు వాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందాయి. తుపాకీ దుకాణాల యజమానులతో ఒప్పందాలు, మాజీ సైనికులతో సంభాషణలు, వేట సంఘాల్లో అవగాహన సదస్సులు ఈ కోవలోవే. వాటి విలువ వాటికుంది. కానీ ఈలోగా ఇంకో మార్పు జరిగింది. 2022లో పది నుంచి పంతొమ్మిదేళ్ల నల్లజాతి పిల్లల్లో తుపాకీ ఆత్మహత్యల రేటు తొలిసారిగా తెల్లజాతి పిల్లల రేటును దాటింది. నల్లజాతి పిల్లల ఆత్మహత్యల గురించి కాంగ్రెస్‌లోని నల్లజాతి సభ్యుల బృందం 2019లోనే ప్రత్యేక కార్యదళం పెట్టి నివేదిక ఇచ్చింది. నల్లజాతివాళ్లలో ఆత్మహత్యలు పెద్దగా ఉండవన్న పాత నమ్మకమే ఈ పిల్లలు పరిశోధకుల కంట పడకపోవడానికి ఒక కారణమని అందులో పనిచేసినవాళ్లు చెబుతూ వచ్చారు.

అమెరికా ఆదివాసీల సంగతి మరీ ఘోరం. ఆ దేశంలో అన్ని సమూహాల్లోకీ ఆత్మహత్యల రేటు వాళ్లలోనే ఎక్కువ. అయినా ఆ లెక్క కూడా తక్కువ చేసి చెప్పేదే. మరణ ధ్రువీకరణ పత్రంలో ఆదివాసీని తెల్లవాడిగానో మరొకరిగానో నమోదు చేయడం అక్కడ ఎప్పట్నుంచో ఉన్న సమస్య. మనిషి పోయాక అతని ఉనికి కూడా కాగితం మీద చెరిగిపోతుంది.

చట్టం అమలు గురించి ఇంకో ప్రశ్న. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఒక రకం చట్టం ఉంది. ప్రమాదంలో ఉన్న వ్యక్తి దగ్గర్నుంచి తుపాకీని తాత్కాలికంగా తీసుకునే అధికారం అది కోర్టుకు ఇస్తుంది. కుటుంబసభ్యులో పోలీసులో కోర్టును ఆశ్రయించాలి. కనెక్టికట్ 1999లోనే దీన్ని మొదలుపెట్టింది. కనెక్టికట్, ఇండియానా అనుభవాలను పరిశీలించిన పరిశోధకులు పది నుంచి ఇరవై సందర్భాల్లో తుపాకీ తీసుకుంటే ఒక ప్రాణం నిలిచిందని అంచనా వేశారు. ప్రజారోగ్యంలో ఇది చిన్న ఫలితం కాదు. కానీ ఒక నల్లజాతి తల్లి తన కొడుకు బాగా లేడని పోలీసులకు ఫోన్ చేయగలదా? వచ్చిన పోలీసు కొడుకును కాపాడతాడో కాల్చేస్తాడో ఆమెకు నమ్మకం లేదు. చట్టం సగటున పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతోంది. ఎవరికి పనిచేస్తుంది, దాని ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నల మీద ఇంకా చాలా పని జరగాలి. ఆ పని చేయడానికి ఆ సమూహాల నుంచే పరిశోధకులు రావాలి.

మన అభ్యంతరం

ఇక్కడ మనలో చాలామందికి ఒక ఇబ్బంది కలుగుతుంది. నాకూ కలిగింది. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు మనం దాన్ని సంస్థాగత హత్య అన్నాం. వెలి వేసింది ఎవరు, ఫెలోషిప్ ఆపింది ఎవరు అని అడిగాం. 2019లో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయినప్పుడూ అదే అడిగాం. ఇప్పుడు సాధనం, అందుబాటు అని మాట్లాడితే అసలు దోషిని వదిలేసినట్టు కాదా?

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2023లో కోటాలో కోచింగ్ విద్యార్థుల చావులు పెరిగితే జిల్లా యంత్రాంగం చేసిన పనుల్లో ఒకటి హాస్టళ్లలో స్ప్రింగు ఫ్యాన్లు బిగించమనడం. కోచింగ్ సంస్థలు అలాగే ఉన్నాయి, వారం వారం ర్యాంకుల ఒత్తిడి అలాగే ఉంది, ఫ్యాను మాత్రం మారింది. ప్రజారోగ్యం పేరుతో రాజ్యం చేసే తప్పించుకోవడం ఇలాగే ఉంటుంది.

అయినా ఒక విషయం గమనించండి. మనం సంస్థాగత హత్య అన్నప్పుడు తిరస్కరించింది దేన్ని? మనిషి బలహీనుడు, తట్టుకోలేకపోయాడు అన్న వివరణను. తుపాకీ పరిశోధకులు తిరస్కరిస్తున్నదీ దాన్నే. అమెరికాలో ప్రతి సంఘటన తర్వాత తుపాకీ లాబీ చెప్పేది ఒకటే: సమస్య తుపాకీలో లేదు, మనిషి మెదడులో ఉంది. మన దగ్గర వైస్ ఛాన్సలర్లు చెప్పేదీ అదే: కౌన్సెలర్‌ను పెట్టాం, అబ్బాయికే డిప్రెషన్. చావుకు కారణం మనిషి బయట కూడా ఉందని రుజువు చేసే పరిశోధనను ఇద్దరూ ఇష్టపడరు. మనిషిని ఆ అంచుదాకా నెట్టిందెవరు అన్న ప్రశ్నా, ఆ అంచున చేతికి ఏది అందింది అన్న ప్రశ్నా రెండూ అడగాల్సినవే. మొదటిదానికి జవాబు వచ్చేదాకా రెండోది ఆగనక్కర్లేదు, ఎందుకంటే ఈలోగా పోయేది మన పిల్లలే.

మన ఇళ్లలో తుపాకీ లేదు, డబ్బా ఉంది

మన దేశంలో తుపాకీతో జరిగే ఆత్మహత్యలు ఒక శాతం కూడా ఉండవు. కానీ 2022 జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో ఆత్మహత్యతో చనిపోయిన 1,70,924 మందిలో సుమారు నాలుగో వంతు విషంతో పోయారు. పల్లెల్లో విషమంటే ఎక్కువగా పురుగుల మందే.

మా చిన్నాయన కౌలుకు పత్తి వేసేవాడు. ఎస్సీ కాలనీలో ఒంటి గది ఇల్లు. అందులోనే పొయ్యి, అందులోనే పడక, అందులోనే మందు డబ్బా. సీజన్‌లో ఆ వాసన బియ్యానికి కూడా పట్టేది. "మందులు పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి" అని డబ్బా మీద రాసి ఉండేది. ఎక్కడ పెట్టి తాళం వేయాలో ఆ కంపెనీవాడు రాయలేదు.

శ్రీలంకలో ఈ తాళం సంగతినే శాస్త్రీయంగా పరీక్షించారు. 180 గ్రామాల్లో, యాభై వేలకు పైగా ఇళ్లతో జరిగిన పెద్ద అధ్యయనం అది. సగం గ్రామాల్లో ఇళ్లకు తాళం వేసుకునే పెట్టెలు ఇచ్చారు, మిగతా సగంలో ఇవ్వలేదు. 2017లో ఫలితాలు వచ్చాయి. రెండింటి మధ్య తేడా కనిపించలేదు. అదే శ్రీలంకలో ప్రభుత్వం 1980ల నుంచి అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995లో లక్ష జనాభాకు 47గా ఉన్న ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో సుమారు 70 శాతం తగ్గింది. తాళం భారం పేదవాడి మీద వేసినప్పుడు ఫలితం రాలేదు, అమ్మేవాడి మీద నిబంధన పెట్టినప్పుడు వచ్చింది. ఈ తేడా ఎవరి ఊహలోంచో పుట్టలేదు. డబ్బు, మనుషులు, ఏళ్ల సమయం పెట్టి పరిశోధిస్తేనే తేలింది. అమెరికాలో తుపాకీ విషయంలో పిల్లలకు ఆయుధం అందకుండా దాచడాన్ని తప్పనిసరి చేసే చట్టాలు పిల్లల ఆత్మహత్యలను తగ్గిస్తున్నట్టు ఆధారాలున్నాయి. ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేయకపోవచ్చు. అందుకే ప్రతిచోటా పరీక్షించి చూడాలి.

మన లెక్క ఎవరు చెబుతారు?

పరీక్షించాలంటే ముందు లెక్క ఉండాలి. మన ఆత్మహత్యల లెక్క పోలీస్ స్టేషన్ నుంచి వస్తుంది. 2010లో ఎన్‌సీఆర్‌బీ 1,34,599 అని చెబితే, ఇల్లిల్లూ తిరిగి మరణాల కారణాలు సేకరించిన సర్వే ఆధారంగా లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం అదే ఏడాదికి సుమారు 1,87,000 అని అంచనా వేసింది. ఆ తేడాలో ఉన్నవాళ్లు ఎవరు? ఏ వాడల వాళ్లు?

ఎన్‌సీఆర్‌బీ నివేదికలో వృత్తి ఉంటుంది, చదువు ఉంటుంది, ఆదాయం ఉంటుంది. కులం ఉండదు. పాత నివేదికల్లో "సామాజిక స్థితి" అన్న శీర్షికతో ఒక పట్టిక కనిపిస్తుంది. ఆశగా తెరిస్తే అందులో ఉండేది పెళ్లయినవారు, కానివారు, వితంతువులు. కులవ్యవస్థ ఉన్న దేశంలో సామాజిక స్థితి అంటే పెళ్లి! 2014కు కులం, మతం వారీగా సేకరించిన లెక్కలు కూడా వార్షిక నివేదికలోకి ఎక్కలేదు, పత్రికల ద్వారా బయటికొచ్చాయి.

కులం లేకపోయినా కొన్ని అంకెలు మాట్లాడుతూనే ఉన్నాయి. 2014లో ఆత్మహత్యల్లో దినసరి కూలీల వాటా 12 శాతం. 2022కి అది 26 శాతం దాటింది. ఆ ఏడాది వ్యవసాయ రంగంలో పోయిన 11,290 మందిలో రైతుల కంటే కూలీలే ఎక్కువ, 6,083 మంది. తెలంగాణలో రైతుబీమా పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికే వర్తిస్తుంది. మా చిన్నాయన లాంటి కౌలుదారుకు, రోజుకూలీకి అందులో చోటు లేదు.

మన దగ్గర తుపాకీ నేరుగా చేతిలో ఉండే ఉద్యోగాలూ ఉన్నాయి. 2020 నుంచి 2024 వరకు కేంద్ర సాయుధ బలగాల్లో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని హోంశాఖ లెక్క. ఆ ఉద్యోగాల కోసం తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తే మన వాడల పిల్లలను చూస్తూనే ఉన్నాం. ఆ 730 మందిలో సర్వీసు ఆయుధంతో పోయినవారెందరు, సెలవు నిరాకరించబడ్డవారెందరు, ఏ సామాజిక వర్గాలవారు అన్నది విడదీసి ప్రజల ముందు పెడితే తప్ప నివారణ గురించి మాట్లాడలేం.

2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని ఏర్పాటు చేసింది. ఢిల్లీ ఐఐటీలో చనిపోయిన ఇద్దరు విద్యార్థుల తల్లిదండ్రులు వేసిన కేసులో వచ్చిన ఆదేశం అది. వాళ్ల పోరాటం వల్లనే ఈ మాత్రం తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దగ్గర మనం అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ఆత్మహత్యల వార్షిక నివేదికలో కులం వారీ పట్టిక ఉండాలి. వ్యక్తుల గోప్యత కాపాడుతూనే ఆ సమాచారం పరిశోధకులకు అందాలి. అమెరికాలో హింసాత్మక మరణాల నమోదు వ్యవస్థ ఒకటి 2002లో మొదలై 2018 నాటికి యాభై రాష్ట్రాలకూ విస్తరించింది. అది పోలీసు, వైద్య, మరణ నమోదు రికార్డులను కలిపి ఒక్కో చావు వెనక పరిస్థితులను నమోదు చేస్తుంది. అలాంటిది ఇక్కడా ఒక రాష్ట్రంలోనైనా మొదలుపెట్టవచ్చు. ఏ పురుగుమందు ఎన్ని ప్రాణాలు తీస్తోందో జిల్లా ఆసుపత్రుల నుంచి లెక్క రావాలి. ఈ పరిశోధన చేసే బృందాల్లో దళిత, ఆదివాసీ పరిశోధకులు వివరాలు మోసుకొచ్చే సర్వేయర్లుగా మిగలకుండా ప్రశ్నలు రాసే స్థానంలో ఉండాలి.

ఆ జూనియర్‌కు నేను చెప్పిన జవాబు ఇదే. అమెరికాలో ఒక్క వాక్యం రాసి ఇరవై ఏళ్లు లెక్క ఆపారు. మన దగ్గర ఆ వాక్యం రాయాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే మన లెక్క అడిగినవాళ్లే తక్కువ. అతను ఇప్పుడు తన ఎంఫిల్ నాటి నోట్సు తీసి, వాళ్ల జిల్లా ఆసుపత్రికి సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నాడు.

(మీకు గానీ మీ స్నేహితులకు గానీ చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా ఉండకండి. నమ్మకమైన మనిషికి చెప్పండి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.)